శాసనసభలో ఒక గురువు, కాంబోడియాలో ఒక రహస్య యుద్ధం

పార్లమెంటు ఎన్నికలలో మన ఊరికి ఓట్లడగటానికి వచ్చిన అభ్యర్థిని మనం ఏమడుగుతాం? రోడ్డు అడుగుతాం. మంచినీటి ట్యాంకు అడుగుతాం. పింఛను అడుగుతాం. "ఫలానా దేశం మీద జరుగుతున్న యుద్ధం న్యాయమైనదేనంటారా? దాని గురించి సభలో మీరేం మాట్లాడతారు?" అని అడిగినవారిని ఈ వ్యాసకర్త ఇంతవరకు చూడలేదు. అడిగితే పక్కనున్నవాళ్ళు నవ్వుతారేమో కూడా. విదేశీ వ్యవహారాలు ఢిల్లీలో పెద్దలు చూసుకొనే సంగతులని మన నమ్మకం. కాని 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు కడప జిల్లాలోను, గోదావరి జిల్లాలలోను ఎన్నో ఇళ్ళలో కంటికి కునుకు లేకుండా పోయింది. అక్కడ పని చేస్తున్నది మన పిల్లలు. అంత దూరపు సంగతి అంత దగ్గరకు వస్తుందని అంతకు ముందు రోజు ఎవరనుకున్నారు?

అయితే విదేశాంగ విధానంలో ఒక మామూలు శాసనసభ్యునికి పనేమిటి? అతడు మంత్రి కాడు, రాయబారి కాడు, సేనాపతి కాడు. అతని చేతిలో ఉన్నది ఒక ఓటు, మాట్లాడటానికి కొన్ని నిమిషాలు. వాటితో ఏం చేయగలడు? ఈ వారం ఈ ప్రశ్నను ఒక మనిషి జీవితాన్ని దగ్గర పెట్టుకొని పరిశీలిద్దాం. ఆయన అమెరికా ప్రతినిధుల సభలో పదేళ్ళు సభ్యుడు. యేసు సభకు చెందిన కతోలిక గురువు. పేరు ఫాదర్ రాబర్ట్ డ్రైనన్. ఆయన అభిప్రాయాలన్నీ మనం ఒప్పుకోదగినవి కావు. ఒక ముఖ్య విషయంలో ఆయన శ్రీసభ బోధకు దూరంగా నిలబడ్డారు. ఆ సంగతి దాచకుండా ముందుకు పోదాం.

ఎవరీ గురువు?

ఫాదర్ డ్రైనన్ గారు 1920లో బోస్టన్ నగరంలో జన్మించారు. 1942లో యేసు సభలో చేరి, 1953లో గురుపట్టం పొందారు. న్యాయశాస్త్రము, వేదాంతశాస్త్రము రెండూ చదువుకున్నారు. 1956 నుంచి 1970 వరకు బోస్టన్ కాలేజీ న్యాయ కళాశాలకు డీన్‌గా ఉన్నారు. అప్పటివరకు ఆయన జీవితం ఒక పండితుని జీవితం. పాఠాలు, వ్యాసాలు, ఉపన్యాసాలు, అంతే.

1969 వేసవిలో అది మారింది. దక్షిణ వియత్నాంలో మత స్వేచ్ఛ, రాజకీయ స్వేచ్ఛ ఎలా ఉన్నాయో స్వయంగా చూసి రావటానికి అమెరికా నుంచి వెళ్ళిన ఎనిమిది మంది బృందంలో ఆయన ఒకరు. సైగాన్‌లోని ప్రభుత్వం కమ్యూనిస్టుల నుంచి స్వేచ్ఛను కాపాడుతున్నదని అమెరికా ప్రజలకు చెబుతూ వచ్చారు. ఆ ప్రభుత్వపు అధ్యక్షుడు థియూ కతోలికుడు కూడా. బృందం చూసినది వేరు. యుద్ధం ఆపమని, శాంతి చర్చలు జరపమని అన్నందుకే జైళ్ళలో పడినవారిని చూసింది. వారిలో విద్యార్థులున్నారు, బౌద్ధ భిక్షువులున్నారు. ఏ స్వేచ్ఛ కోసమని అమెరికా యువకులు ప్రాణాలిస్తున్నారో ఆ స్వేచ్ఛ అక్కడ లేదని ఆయన తెలుసుకున్నారు.

తిరిగి వచ్చి 1970లో ఒక పుస్తకం వ్రాశారు. అదే ఏడాది ఎన్నికలలో నిలబడ్డారు. ఆయన ప్రాంతం నుంచి 1943 మొదలు సభలో ఉంటున్న ఫిలిప్ ఫిల్బిన్ అనే పెద్దాయన సైనిక వ్యవహారాల కమిటీలో సీనియర్ సభ్యుడు, యుద్ధానికి మద్దతుదారు. సొంత డెమొక్రాటిక్ పార్టీలోనే ఆయనను ఓడించి, తరువాత అసలు ఎన్నికలో స్వల్ప ఆధిక్యంతో ఫాదర్ గారు గెలిచారు. ఓటు హక్కు గల సభ్యునిగా అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి కతోలిక గురువు ఆయనే. (1823లో గాబ్రియేల్ రిషార్ అనే గురువు మిషిగన్ నుంచి వెళ్ళారు గాని, అప్పటికి అది రాష్ట్రం కాదు, ఆయనకు సభలో ఓటు లేదు.) సభకు నల్లని గురు దుస్తులలో, తెల్ల కాలరుతోనే వెళ్ళేవారు. ఎందుకని అడిగితే తన దగ్గర వేరే బట్టలు లేవని హాస్యమాడేవారట.

పాఠకులు గమనించవలసినది ఒకటుంది. ఆయన ఒక జిల్లాకు రోడ్లు తెస్తానని గెలవలేదు. వేల కిలోమీటర్ల దూరాన జరుగుతున్న ఒక యుద్ధం గురించి తన ఓటర్లతో మాట్లాడి గెలిచారు.

రెండు రకాల లెక్కలు

ఇక అసలు సంగతికి వద్దాం. వియత్నాం పక్కనే కాంబోడియా. యువరాజు సిహనూక్ పాలనలో ఆ దేశం తటస్థంగా ఉండాలని ప్రయత్నించింది. కాని ఉత్తర వియత్నాం సైనికులు సరిహద్దు దాటి కాంబోడియా అడవులలో స్థావరాలు పెట్టుకున్నారు. అక్కడి నుంచి వచ్చి దాడి చేసి మళ్ళీ అటు వెళ్ళిపోయేవారు. అమెరికా సైనికులు ఆ విధంగా చనిపోతున్న మాట నిజం. సైన్యాధికారుల వాదనలో న్యాయం లేదని చెప్పలేం.

1969 మార్చి 18న అధ్యక్షుడు నిక్సన్ ఆదేశం ప్రకారం బి-52 విమానాలు కాంబోడియా మీద బాంబులు వేయటం ప్రారంభించాయి. 1970 మే దాకా, అంటే సుమారు పద్నాలుగు నెలలు, అది రహస్యంగా సాగింది. ఆ కాలంలో పడిన బాంబులు లక్ష టన్నులకు పైమాటే. అమెరికాకు ఆ దేశంతో యుద్ధం లేదు. కాంగ్రెసు ఎన్నడూ అనుమతించలేదు. అసలు కాంగ్రెసుకు తెలియదు. నమ్మకస్థులైన ఏ కొద్దిమంది నాయకులకో చెవిలో చెప్పారు, అంతే.

బాంబులు పడుతున్నవాళ్ళకు తెలుసు. వాళ్ళ శత్రువులకు తెలుసు. తెలియనిది అమెరికా ప్రజలకు, వారి ప్రతినిధులకు. 1969 మే 9న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ దాడుల గురించి ఒక వార్త ప్రచురించింది. జవాబుగా ప్రభుత్వం చేసినదేమిటంటే, ఆ వార్త ఎవరు చెప్పారో కనిపెట్టటానికి కొందరు అధికారుల, విలేఖరుల ఫోన్లు రహస్యంగా వినటం.

లెక్క ఎలా దాచారో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. హాల్ నైట్ అనే మేజర్ దక్షిణ వియత్నాంలో ఒక రాడార్ కేంద్రంలో పని చేశారు. విమానాలకు ఎక్కడ బాంబు వేయాలో నేల మీద నుంచి చెప్పే కేంద్రమది. దాడి జరిగే రోజున సైగాన్ నుంచి ఒక మనిషి కవరు తెచ్చి ఇచ్చేవాడు. అందులో కాంబోడియాలోని స్థలాల అంకెలుంటాయి. రాత్రి విమానాలు వచ్చినప్పుడు అసలు ఆజ్ఞలోని దక్షిణ వియత్నాం అంకెలు తీసివేసి ఈ అంకెలు ఇవ్వాలి. తెల్లవారగానే కాగితాలన్నీ కాల్చివేయాలి. రిజిస్టరులో మాత్రం బాంబులు దక్షిణ వియత్నాంలోనే పడినట్లు వ్రాయాలి. దొంగ లెక్కలు వ్రాసే వ్యాపారి రెండు పుస్తకాలు పెట్టుకుంటాడని మనకు తెలుసు. ఇక్కడ ఒక మహా రాజ్యం మనుషుల ప్రాణాల విషయంలో రెండు పుస్తకాలు పెట్టింది. ఆ మేజరు మనస్సాక్షి ఊరుకోలేదు. ఆయన సెనేటర్ ప్రాక్స్‌మైర్‌కు ఉత్తరం వ్రాశారు. 1973 జూలైలో సెనేట్ కమిటీ ఎదుట సాక్ష్యం చెప్పారు. అప్పుడు గాని దేశానికి నిజం తెలియలేదు.

యుద్ధం చేయమనే అధికారం ఎవరిది?

ఇక్కడ కాస్త ఆగి మన శ్రీసభ బోధను గుర్తు చేసుకోవాలి. పునీత తోమాసు అక్వినాసు గారు న్యాయమైన యుద్ధానికి మూడు షరతులు చెప్పారు. యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చేవారు తగిన అధికారం గలవారై ఉండాలి. కారణం న్యాయమైనదై ఉండాలి. ఉద్దేశం మంచిదై ఉండాలి. మనం సాధారణంగా రెండవ, మూడవ షరతుల గురించే మాట్లాడుకుంటాం. మొదటి దానిని తేలికగా దాటిపోతాం. రాజుల కాలంలో ఆ షరతుకు అర్థం సులువు: ఎవడో ఒక జమీందారు తన పగ తీర్చుకోవటానికి యుద్ధం చేయరాదు, రాజుకే ఆ అధికారం. రాజు లేని దేశంలో ఎవరికి?

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలో దీనికి జవాబు ఉంది. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెసుది. ఖజానా నుంచి డబ్బు తీయాలంటే కాంగ్రెసు చట్టం చేయాలి. సైన్యానికి సర్వాధిపతి అధ్యక్షుడు. కత్తి పట్టుకున్నవాడు ఒకడు, దాన్ని దూయమనేది మరొకరు. తొందరపాటు జరగకుండా పెద్దలు కావాలనే అలా పెట్టారు.

ఆ ఏర్పాటు అప్పటికే దెబ్బ తిన్నది. 1964 ఆగస్టు 7న టోంకిన్ సింధుశాఖ తీర్మానం అని ఒకటి కాంగ్రెసు ఆమోదించింది. తమ ఓడల మీద ఉత్తర వియత్నాం రెండుసార్లు దాడి చేసిందని ప్రభుత్వం చెబితే నమ్మి, తగిన చర్యలు తీసుకోమని అధ్యక్షునికి వ్రాసి ఇచ్చింది. ప్రతినిధుల సభలో 416 మంది అవునన్నారు, ఒక్కరూ కాదనలేదు. సెనేట్‌లో 88 మంది అవునంటే ఇద్దరు కాదన్నారు. ఆ రెండవ దాడి అసలు జరగనే లేదని తరువాత తేలింది. ఒక్కరోజు ఆగి, ఒక్క ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే ఎలా ఉండేదో!

ఫాదర్ డ్రైనన్ గారి వాదన ఈ మొదటి షరతు మీదనే నిలబడింది. యుద్ధం అన్యాయమైనదని ఆయన నమ్మారు, బహిరంగంగా చెప్పారు. అమెరికా మేత్రాణులు కూడా 1971 నవంబరులో ఒక ప్రకటన చేసి, ఈ యుద్ధం వలన కలుగుతుందని ఆశించే మేలు కంటే దాని వలన జరుగుతున్న ప్రాణనష్టం, నైతిక నష్టం మించిపోయాయని చెప్పారు. కాని ఫాదర్ గారు న్యాయవాది. యుద్ధం మంచిదా చెడ్డదా అని నూరు మంది నూరు విధాలుగా వాదించవచ్చు. ప్రజల ప్రతినిధులకు చెప్పకుండా, తప్పుడు లెక్కలు చూపించి చేసిన యుద్ధం తగిన అధికారంతో జరిగినదని మాత్రం ఎవరూ వాదించలేరు. మోసగించబడిన సభ ఇచ్చిన డబ్బు ఇచ్చినట్లు కాదు.

ఆయన కోర్టుకు కూడా వెళ్ళారు. కాంబోడియా మీద దాడులు ఆపించమని మరి కొందరితో కలిసి మసాచుసెట్స్‌లోని ఫెడరల్ కోర్టులో వ్యాజ్యం వేశారు. కోర్టు జోక్యం చేసుకోలేదు.

తొందరపడిన తీర్మానం

1973 జూలై 31న ఫాదర్ డ్రైనన్ గారు సభలో లేచి, అధ్యక్షుడు నిక్సన్‌ను అభిశంసించాలని తీర్మానం ప్రవేశపెట్టారు. అప్పటికి వాటర్‌గేట్ వ్యవహారం బయటపడింది. 1972 జూన్‌లో ప్రతిపక్షం కార్యాలయంలో దొంగతనంగా ప్రవేశించినవారిని పట్టుకోవటం, ఆ దర్యాప్తును పై నుంచి తొక్కిపెట్టటం, ఇవన్నీ రోజూ టెలివిజన్‌లో వస్తున్నాయి. దేశమంతా దాని గురించే మాట్లాడుతున్నది. ఫాదర్ గారి తీర్మానానికి ముఖ్య కారణం అది కాదు. కాంబోడియా.

ఆయన పార్టీ నాయకులు సంతోషించలేదు. అప్పటి డెమొక్రాటిక్ నాయకుడు టిప్ ఓనీల్ కూడా బోస్టన్ ప్రాంతపు కతోలికుడే. నైతికంగా డ్రైనన్ మాట సరైనదే గాని, రాజకీయంగా పని చెడగొట్టబోయాడని ఆయన తరువాత అన్నారు. ఎందుకంటే ఎదుటి పార్టీ వెంటనే ఓటు పెట్టమంటే తీర్మానం ఘోరంగా ఓడిపోయేది. ఆ తరువాత మళ్ళీ ఆ మాట ఎత్తటం కష్టమయ్యేది. రాజకీయాలు తెలిసినవారికి ఓనీల్ బాధ అర్థమవుతుంది. కాని తీర్మానం పెట్టిన రోజున కూడా కాంబోడియా మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. ఆగస్టు 15 తరువాత డబ్బు ఇవ్వబోమని కాంగ్రెసు చట్టం చేసి ఉండటం వలన మిగిలినది రెండు వారాలు. ఆ రెండు వారాలలోనే, ఆగస్టు 6న, నెయక్ లుఓంగ్ అనే స్నేహ పక్షపు పట్టణం మీద పొరపాటున బాంబులు పడి 137 మంది చనిపోయారు. సమయం చూసి మాట్లాడాలనేవారికి ఆ 137 మంది తరఫున ఏం జవాబు చెప్పాలో!

ఏడాది గడిచింది. న్యాయ వ్యవహారాల కమిటీ అభిశంసన ఆరోపణలను ఒక్కొక్కటిగా ఓటుకు పెట్టింది. 38 మంది సభ్యులలో ఫాదర్ గారు ఒకరు. న్యాయాన్ని అడ్డుకున్నాడన్న ఆరోపణ 27-11 ఓట్లతో నెగ్గింది. అధికార దుర్వినియోగం 28-10తో, కమిటీ ఆజ్ఞలను ధిక్కరించటం 21-17తో నెగ్గాయి. 1974 జూలై 30న కాంబోడియా బాంబుదాడులను దాచటం గురించిన ఆరోపణను జాన్ కాన్యర్స్ అనే సభ్యుడు ప్రవేశపెట్టారు. ఆ చర్చలో ఫాదర్ గారు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: ఒక దొంగతనాన్ని దాచినందుకు అధ్యక్షుణ్ణి అభిశంసించవచ్చు గాని, అంత పెద్ద బాంబుదాడిని దాచినందుకు అభిశంసించకూడదా?

ఓట్లు లెక్కిస్తే అనుకూలం 12, వ్యతిరేకం 26. ఆయన సొంత పార్టీ వారు తొమ్మిది మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. వారి కారణాలు పనికిమాలినవి కావు. కొందరు నాయకులకు దాడుల సంగతి ముందే చెప్పారు కదా అన్నారు. తరువాత సంవత్సరాలలో తెలిసి కూడా మనమే డబ్బు ఇస్తూ వచ్చాం కదా, మన తప్పును అధ్యక్షుని మీద వేయటం ఎలా అన్నారు. ఈ రెండవ మాటలో నిజాయితీ ఉంది. కాని దాని అర్థం ఆలోచిస్తే భయం వేస్తుంది. తప్పులో అందరికీ భాగం ఉంటే ఎవరినీ అడగనక్కరలేదన్నమాట!

పది రోజులలో నిక్సన్ రాజీనామా చేశారు. దొంగతనాన్ని కప్పిపుచ్చిన నేరం ఆయనను దింపింది. కాంబోడియా పేరు ఆ నేరాల జాబితాలో లేదు.

ఆ దేశానికి తరువాత ఏమైందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టులు రాజధాని ఫ్నాం పెన్‌ను పట్టుకున్నారు. 1979 జనవరిలో వారి పాలన ముగిసే నాటికి దాదాపు 17 లక్షల మంది ఆకలితోను, వెట్టి చాకిరితోను, హత్యలతోను మరణించారని చరిత్రకారుల అంచనా. నగరంలోని పెద్ద దేవాలయాన్ని రాయి మీద రాయి లేకుండా కూల్చివేశారు. నగరం పడిపోవటానికి మూడు రోజుల ముందే జోసెఫ్ ఛ్మార్ సాలాస్ గారికి మేత్రాణ్యభిషేకం జరిగింది. కాంబోడియా దేశీయులలో మొదటి మేత్రాణులు ఆయన. 1977లో పల్లెలో నిర్బంధ శ్రమలో కృశించి మరణించారు. ఆ ఘోరానికి బాధ్యులు దానిని చేసినవారే. అమెరికా బాంబులే దానికి ఏకైక కారణమని చెప్పటం సత్యం కాదు. అయితే బాంబుల వలన ఇళ్ళు పోగొట్టుకొన్న పల్లె యువకులను ఖ్మేర్ రూజ్ తమలో సులువుగా చేర్చుకున్నదని ఆ కాలాన్ని పరిశీలించిన చరిత్రకారులు వ్రాశారు.

సహాయం చేసే చేతికి షరతు

ఫాదర్ గారి విదేశాంగ అభిప్రాయాలు యుద్ధ విమర్శతో ఆగలేదు. ఒక దేశానికి ఆయుధాలు, డబ్బు ఇచ్చే ముందు, ఆ దేశపు జైళ్ళలో ఏం జరుగుతున్నదో అడగాలని ఆయన వాదించారు. అది అప్పట్లో వింతగా ఉండేది. పరాయి దేశపు జైలు సంగతి మనకెందుకు, వాడు మనకు మిత్రుడా శత్రువా అన్నదే చూడాలని దౌత్యవేత్తల పద్ధతి. 1973 నుంచి డొనాల్డ్ ఫ్రేజర్ అనే సభ్యుడు దీని మీద విచారణలు జరిపారు. 1970లలోనే కాంగ్రెసు, ప్రజలను తీవ్రంగా హింసించే ప్రభుత్వాలకు సహాయం ఆపాలని చట్టాలలో వ్రాసింది. ఆ చట్టాలను ప్రభుత్వాలు అమలు చేసినదాని కంటే తప్పించుకున్నదే ఎక్కువ. అయినా అవి ఉండటం వలన ప్రతి సంవత్సరం ఆయా దేశాల మానవ హక్కుల స్థితి గురించి నివేదిక వ్రాయక తప్పని పరిస్థితి వచ్చింది.

1976 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తరఫున ఆయన అర్జెంటీనా వెళ్ళారు. అక్కడ ఆ ఏడాది మార్చిలోనే సైన్యం అధికారం చేజిక్కించుకున్నది. యువకులను రాత్రిళ్ళు ఇళ్ళ నుంచి ఎత్తుకుపోయేవారు. తల్లిదండ్రులు పోలీసు స్టేషనుకు వెళ్తే అలాంటివారు మా దగ్గర లేరనేవారు. బృందాన్ని పోలీసులు వెంటాడుతూనే ఉన్నారు. మరుసటి ఏడాది మార్చిలో నివేదిక వెలువడింది. 1978లో ఆ దేశానికి సైనిక సహాయాన్ని అమెరికా చట్టం ద్వారా నిలిపివేసింది. ఒక్క ఫాదర్ డ్రైనన్ వల్లనే ఇది జరిగిందని అనటం అతిశయోక్తి. కాని పేర్లు, తేదీలు వ్రాసుకొని తిరిగి వచ్చినవారిలో ఆయన ఉన్నారు.

ఆయన చూపు అన్ని వైపులా సమానంగా ఉండేదని చెప్పలేం. ఇజ్రాయేలుకు ఆయన గొప్ప మిత్రుడు, ఆ దేశం గురించి 1977లో ఒక పుస్తకమే వ్రాశారు. అక్కడ పాలస్తీనా ప్రజల బాధ పట్ల అంత శ్రద్ధ చూపలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అంతకంటే పెద్ద సంగతి గర్భస్రావం. అది పాపమని తాను నమ్ముతానంటూనే, చట్టం వేరు నీతి వేరు అని, పేద స్త్రీల గర్భస్రావాలకు ప్రభుత్వ ధనం ఇవ్వటానికి అనుకూలంగా ఓటు వేశారు. కాంబోడియా పల్లెలో చనిపోయినవారి లెక్క అడిగిన గురువు పుట్టని బిడ్డల లెక్క ఎందుకు అడగలేదని ఎంతోమంది కతోలికులు బాధపడ్డారు, కోపగించారు. ఆ బాధ న్యాయమైనదే. కాంబోడియా విషయంలో ఆయన చెప్పిన సత్యం దీని వలన అసత్యం కాదు. ఆ సత్యం వలన ఇది ఒప్పూ కాదు. రెండూ ఒకే మనిషివి.

ఆజ్ఞ వచ్చింది

1980 మే నెలలో, ఆయన ఆరవసారి పోటీకి సిద్ధమవుతుండగా, యేసు సభ ప్రధానాధిపతి ఫాదర్ పేద్రో అర్రూపె గారి ద్వారా పోపు రెండవ జాన్ పాల్ గారి ఆజ్ఞ అందింది. గురువులు శాసనసభ పదవులలో ఉండరాదు. ఫాదర్ గారు ఎంతో బాధతోనే అయినా వెంటనే లోబడ్డారు. పోటీ నుంచి తప్పుకున్నారు. గురుత్వాన్ని విడిచి పదవిని నిలుపుకోమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. ఆ ఆలోచనే తనకు రాదన్నారు. దాదాపు అదే కాలంలో నికరాగ్వా దేశంలో మిగెల్ డెస్కోటో అనే గురువు విదేశాంగ మంత్రిగానే ఉన్నారు. ఆయన పదవి వదలలేదు. గురు ధర్మ నిర్వహణ నుంచి ఆయనను తొలగించారు. 2014లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆ నిషేధాన్ని ఎత్తివేసే వరకు ఆయన దివ్యబలిపూజ సమర్పించలేకపోయారు.

1983 నాటి శ్రీసభ చట్టంలో 285వ నిబంధన, రాజ్యాధికారంలో పాలుపంచుకొనే పదవులు గురువులు చేపట్టరాదని స్పష్టంగా చెబుతుంది. మన మేత్రాసనాలకు కూడా అదే చట్టం. కాబట్టి ఫాదర్ డ్రైనన్ చేసిన పని ఇకమీదట గురువులది కాదు. అది గృహస్థులది. పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే మాస్టారిది, పార్టీ జెండా మోసే యువకునిది, ఓటు వేసే అమ్మది.

మన దేశంలో ఆ పని ఇంకా కష్టం. మన రాజ్యాంగంలో విదేశీ వ్యవహారాలు, యుద్ధము, శాంతి కేంద్ర జాబితాలోనివి. ఇతర దేశంతో ఒప్పందం చేసుకోవటానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి అనే నియమం లేదు. ఒప్పందాన్ని దేశంలో అమలు చేయటానికి చట్టం కావలసి వస్తే 253వ అధికరణం ప్రకారం పార్లమెంటు చేస్తుంది. సభ్యునికి మిగిలినవి ప్రశ్నోత్తరాల సమయం, బడ్జెట్ పద్దుల మీద చర్చ, విశ్వాస తీర్మానం. 2008 జూలై 22న అమెరికాతో అణు ఒప్పందం విషయంలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నందున లోక్‌సభలో విశ్వాస పరీక్ష జరిగింది. ప్రభుత్వం 275-256 ఓట్లతో నెగ్గింది. దేశాల మధ్య ఒక ఒప్పందం గురించి మన సభ్యుడు ఒక్కొక్కడూ నిలబడి ఓటు వేయవలసి వచ్చిన అరుదైన రోజు అది. ఆ రోజు మన సభ్యుడు ఎటు ఓటు వేశాడో, ఎందుకు వేశాడో మనలో ఎంతమందిమి కనుక్కున్నాం?

పదవి వదిలిన తరువాత ఫాదర్ డ్రైనన్ గారు వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించారు. అంతర్జాతీయ మానవ హక్కులు ఆయన ముఖ్య పాఠం. ప్రభుత్వాలను శిక్షించే పోలీసు లేడు గాని, నలుగురి ముందు సిగ్గుపడవలసి వస్తుందన్న భయం వాటికి కూడా ఉంటుందని 2001లో ఒక పుస్తకంలో వ్రాశారు. 86 ఏళ్ళ వయసులో, 2007 జనవరి 28న మరణించే వరకు బోధిస్తూనే ఉన్నారు.

2000 సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం కాంబోడియా బాంబుదాడుల పూర్తి వివరాలను విడుదల చేసి ఆ దేశానికి అందజేసింది. ఏ తేదీన, ఏ స్థలంలో, ఎన్ని బాంబులు వేసిందీ వాటిలో ఉంది. పొలాలలో పేలకుండా మిగిలిపోయిన బాంబులను వెతికి తీయటానికి ఆ అంకెలు కావలసి వచ్చాయి.